జాడీ మీద లాంతరు

తట్టు పోసిన బిడ్డ కండ్లకు వెలుతురు తగలకూడదంట. అందుకే మా జ్ఞానమణి పండుకున్న గదికి గోనెపట్టా కట్టినాం. దాని ప్రాణమంతా గాజు జాడీలోని చేపపిల్లల మీదే, జాడీని ఎండలోకి తియ్యనియ్యదు. చీకట్లో నీటిమొక్కలు పాలిపోయినాయి.

మా ఆయన గాబ్రియేలు డోన్ స్టేషన్లో దీపాలు తుడుస్తాడు. కిరసనాయిలు డబ్బా కోసి, లోపల తళతళా తోమి, లాంతరుకు గొడుగు చేసినాడు. వెలుతురు పిల్ల కండ్లల్లో పడకుండా జాడీలోకే దిగాలంట.

"మన సీమలో ఎండకు కరువొచ్చిందా, ఈ సోకేంది?" అని కసిరినా.

లాంతరు ముట్టించి జాడీపైన వేలాడదీసినాడు. ఆకులు పచ్చగా మెరిసినాయి, చేపలు పైకొచ్చినాయి. నేనూ దగ్గరికి పోయి వంగి చూసినా.

పిల్ల లేచి కూచుని, కండ్లు పెద్దవి చేసి జాడీ వైపే ముఖం తిప్పింది.

"నాయనా, దీపం ఎప్పుడు ముట్టిస్తావు?"