ఇంగ్లీషు చాలా బాగా వచ్చినవాళ్లు

అమెరికాలో సెయింట్ పాల్ ఊళ్లో, లావోస్ కొండల నుంచి వచ్చిన మా హ్మాంగ్ వాళ్లు వెళ్లే ఆసుపత్రిలో పోయిన చలికాలం ఒక కాగితం ఇచ్చారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇంగ్లీషు ఎంత వచ్చు అని అందులో రెండే ప్రశ్నలు. అవీ మా భాషలోనే ఉన్నాయి కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. మొదటిదానికి హ్మాంగ్ అని రాశాను. రెండోదాని కింద నాలుగు గడులు: చాలా బాగా, బాగా, అంతంతమాత్రం, అస్సలు రాదు. వెనక నుంచి వాంగ్ ఇంటిపేరువాడు చా మెంగ్ తొంగి చూస్తున్నాడు. వాంగుల ముందు లోర్ ఇంటిపేరువాణ్ణి నేను తగ్గుతానా? 'చాలా బాగా' అని గీత పెట్టాను. నా భార్య బ్లియా కాగితం మీదా అదే పెట్టాను. నన్ను చూసి అతనూ, అతన్ని చూసి మిగతావాళ్లూ.

నెల తిరిగేసరికి, డాక్టరు మాటలు మాకు మా భాషలో చెప్పే పాకూ దిగులుగా ఎదురొచ్చింది.

"మామయ్యా, మనవాళ్లవి నలభై కాగితాలొస్తే ముప్పై ఎనిమిదింట్లో ఇంగ్లీషు చాలా బాగా వచ్చంట! ఇక నేనెందుకని సోమవారం నుంచి వేరే ఊరికి పంపుతున్నారు. శుక్రవారంలోపు మళ్లీ రాసిస్తే చూస్తారట."

ఇంటికెళ్లి చెబితే బ్లియా గరిటె కింద పెట్టింది.

"ఇంగ్లీషు దొరగారూ, షుగరుకిచ్చిన కొత్త మాత్ర వేసుకుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయని డాక్టరుకి చెప్పాలి. నువ్వు చెబుతావా? ఏదీ, చెప్పు, వింటా."

కళ్లకు మాట దొరికింది. తిరగడానికి దొరకలేదు. చేత్తో తిప్పి చూపించాను.

"అట్లా చూపిస్తే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు" అంది.

గురువారం ఆసుపత్రికి వెళ్లాను. హాలు నిండా మావాళ్లే. పాకూ కొత్త కాగితాలు పట్టుకుని తిరుగుతోంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. పక్క ఇంటిపేరువాళ్లు చూస్తుండగా తక్కువ రాసేదెవరు? నేను లేచి నిలబడ్డాను.

"బావా చా మెంగూ, నాకు ఇంగ్లీషు ఎంత రాదో తెలుసా? మొన్న మంచు ఎత్తేవాడికి గుడ్ మార్నింగ్ అన్నా. వాడు ఎత్తుకెళ్లిన మంచునంతా తెచ్చి మళ్లీ నా వాకిట్లో పోసి, క్షమించమని పోయాడు!"

హాలు గొల్లుమంది. చా మెంగ్‌కి రోషం వచ్చింది.

"అదీ ఒక రాకపోవడమేనా బావా! నేను హలో అంటే ఫోనే చచ్చిపోద్ది. ఇప్పటికి మూడు మార్చా."

"మగాళ్లు మీరేం చెబుతారులే" అంది షియాంగుల ముసలమ్మ. "బస్సులో నేనొక్క మాటన్నందుకు డ్రైవరు నన్ను పక్క రాష్ట్రం విస్కాన్సిన్ దాకా తీసుకెళ్లి, అన్నం పెట్టి తెచ్చాడు."

ఇక ఏ ఇంటిపేరూ తగ్గలేదు. 'అస్సలు రాదు' కోసం కలాలు లాక్కున్నారు. బడిలో పాఠాలు చెప్పే మౌవా కుర్రాడూ గీత పెట్టబోతే పాకూ చెయ్యి పట్టుకుంది.

"మాస్టారూ, మీరు చెప్పేదే ఇంగ్లీషు కదా!"

"అయితే మా ఇంటిపేరు పరువేం కావాలక్కా?"

సోమవారం పాకూ ఎక్కడికీ వెళ్లలేదు. డాక్టరు గదిలో బ్లియా పక్కన కూర్చుంది. కళ్లు తిరగడం, రెండుసార్లు మెట్ల మీద పడబోవడం, అన్నీ చెప్పింది బ్లియా. మెట్ల సంగతి నాకే తెలియదు. డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడు.

"ఇంకేమైనా ఉందా అత్తయ్యా?" అని అడిగింది పాకూ.

బ్లియా నా వైపు చూసింది.

"చాలా ఉంది. ముందు ఈయన్ని బయట కూర్చోమను."