చెట్ల మీద డ్రోను

ఈసీ వాగు పొంగిన మరుసటి ఏడాది మొయినాబాద్ అడవి మీద డ్రోను ఎగిరింది. మేకల కోసం దొంగచాటుగా కొమ్మలు కొట్టే నర్సింహులుకు గుబులు పుట్టింది. దొరికితే మందను అడవిలోకి రానివ్వరు.

"భూమి కొలుస్తున్నరా, అమ్మా?" అని డ్రోను ఎగరేస్తున్న తన్వినడిగాడు.

"చెట్లను, తాతా. లేజరు ఆకుల సందుల్లోంచి నేలదాకా చూస్తుంది."

తెరమీద బొమ్మ చూపింది. వాగు వైపు చెట్లకు దోటికర్ర అందేంత ఎత్తుదాకా కొమ్మల్లేవు.

"ఎవరు కొట్టారో!"

"నాకేమెరుక?"

"నీ మేకలు మాత్రం బాగా బలిశాయి."

"గాలి మేసి బలిసినయి. మళ్ల గీ దిక్కు ఎగరేస్తరా?"

"ఇక్కడ అయిపోయింది. రేపు చేవెళ్ల వైపు."

నర్సింహులు నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే ఒక్క ముసలి మేకను మాత్రం వాగు వైపు తోలి, తాను పొద చాటున కూర్చుని ఆకాశంకేసి చూశాడు.