లోషనత్త క్యాబేజీలు

ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరైన ఆవిడని వీధి వీధంతా లోషనత్త అంటుంది. ఆవిడ ఇంట్లో గడపా, గరిటే, చివరికి టీవీ రిమోటు కూడా పొద్దున్నే లోషనుతో స్నానం చెయ్యాల్సిందే. సూక్ష్మక్రిమి అన్న మాట వింటేనే ఆవిడకి ఒళ్లు మండుతుంది. అలాంటి మనిషికి క్రిముల్ని ఇంటికి పిలిచి మరీ బతిమాలుకునే గతి పట్టింది. ఎంత అన్యాయమో చూడండి!

మేడ మీద లోషనత్త పెంచుతున్న క్యాబేజీలకి పచ్చపురుగు పట్టి, ఆకులన్నీ జల్లెడలైపోయాయి. ఆవిడ మొగుడు బస్సు డ్రైవరుగా రిటైరై బాకా నేర్చుకుంటున్నాడు. అదను చూసి ఆయన పందెం వేశాడు.

"నెలాఖరుకి కన్నం లేని ఆకు ఒక్కటి చూపించు, మేడ నీదే. లేదంటే మా బాకా బృందానికి వదిలెయ్యి."

రోషం కొద్దీ సరేనంది. అన్నాక నాలిక్కరుచుకుంది. రిటైరయ్యాక ఆవిడ కోసం ఎదురుచూసేవి ఆ మొక్కలే. అవి లేకపోతే పొద్దున లేవడమెందుకో ఆవిడకే తెలీదు.

విత్తనాల కొట్టు నడిపే తమ్ముడు కొన్ని పొట్లాలిచ్చాడు. "ఇందులో మంచి బ్యాక్టీరియా ఉందక్కా. నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టు. ఆ ఆకు తిన్న పురుగు కడుపు చెడి మేత మానేస్తుంది."

మంచి బ్యాక్టీరియా! మంచి దొంగ అన్నట్టు వినిపించింది ఆవిడకి. అయినా మాస్కు కట్టి, గ్లోవ్స్ తొడిగి, శ్రద్ధగా కొట్టింది. పురుగులు నిక్షేపంగా తిని ఇంకాస్త ఒళ్లు చేశాయి. మళ్లీ కొట్టింది, మళ్లీ అంతే. ఒకటే పొట్లం మిగిలేసరికి తమ్ముడికి ఫోన్ చేసి విరుచుకుపడింది.

"దండగమారి మందు అంటగట్టావు కదరా!"

"ఎలా కలిపావక్కా?"

"పొడి నీళ్లలో వేసి సలసలా మరిగించాను. ఎవరు పట్టుకున్న పొడో ఏమో!"

"ఇంకా ఏం చేశావక్కా?" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"స్ప్రేయరుని లోషనులో నానబెట్టాను. మందులోనూ ఓ మూతెడు పోశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టాను, ఏ క్రిములైనా మిగిలితే ఎండకి చస్తాయని."

"అక్కా," అన్నాడు తమ్ముడు ఏడవలేక నవ్వుతూ, "నువ్వు చంపింది మందుని! మరిగించకు, లోషను తగలనివ్వకు, పొద్దువాలాక కొట్టు."

లోషనత్తకి సిగ్గుతో చచ్చినంత పనైంది. తీరా చూస్తే, ఇంట్లో లోషను తగలని వస్తువు ఒక్కటి దొరికితే ఒట్టు. స్ప్రేయరు సరేసరి, ఎన్నిసార్లు కడిగినా చెంబు కూడా గుప్పుమంటోంది. నెలాఖరు దగ్గర పడుతోంది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న ఆవిణ్ణి చూసి మొగుడు గదిలోకి వెళ్లి, బాకా పెట్టె అడుగు నుంచి ఓ స్ప్రే సీసా తెచ్చాడు.

"బాకా మీద నీళ్లు చల్లి తుడుచుకునేది. నీ కంట పడకుండా దాచుకున్నా. దీనికి ఇంతవరకు నీ లోషను స్నానం అవ్వలేదు."

సీసా మెడ చుట్టూ జిడ్డు చూసి లోషనత్త చెయ్యి లోషను వైపు వెళ్లబోతే వెనక్కి లాక్కుంది. కళ్లు మూసుకుని మామూలు నీళ్లతో కడిగి, పొడి కలిపింది. సాయంత్రం ఆకుల పైనా కిందా చల్లింది. "బతకండర్రా, మీకు పుణ్యముంటుంది" అని బ్యాక్టీరియాకి దండం పెట్టింది.

కొద్ది రోజులకే పురుగులు మేత మానేసి, నల్లబడి, ఆకుల మీంచి రాలిపోయాయి. నెలాఖరుకి ఓ మొక్క నడిమధ్యన లేత ఆకు విచ్చుకుంది. మొగుడు కళ్లజోడు పెట్టుకుని, ఆకుని పైకీ కిందకీ తిప్పి చూశాడు. కన్నం లేదు.

"మేడ నీదే" అన్నాడు.

లోషనత్త ఆయన వైపు తిరిగింది. "మీరా సీసా ఇవ్వకపోతే గెలిచేవారు కదండీ. నా కోసమే ఇచ్చారు కదూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది కాదే... మొక్కలు పోతే నువ్వు పొద్దస్తమానం కిందే ఉంటావు. ఇక ఆ లోషనుతో కడగడానికి నీకు మిగిలేది నేనొక్కణ్ణే కదా!"

లోషనత్త కోప్పడబోయి ఫక్కున నవ్వేసింది. కళ్లు తుడుచుకుంటూ, మేడ మీద ఓ మూల బాకాకి కూడా చోటు చూపించింది.