మడిలో పచ్చ స్వెట్టరు

స్ట్రాబెర్రీ మడి మీద చలికి కప్పిన వరిగడ్డి ఊపిరి పీలుస్తోంది. నూకరత్నం చెయ్యి ఆనించి చూస్తుంది. లంబసింగి కొండంతా గడ్డకట్టుకుపోతుంటే అదొక్కటే వెచ్చగా ఉంది.

“ఎలకలు సేరినాయే,” అంటాడు మొగుడు సత్తిబాబు, నీళ్ల బకెట్టు దింపుతూ. “మొదళ్లు కొరికీస్తన్నాయి. గడ్డి లాగీసి కన్నంలో నీళ్లు పొయ్యి. నేకపోతే ఒక్క మొక్కా మిగల్దు.”

అతను పక్క మడికి వెళ్లిపోతాడు. నూకరత్నానికి చేతులాడవు. గడ్డి కింద ఏముందో ఆమెకి తెలుసు.

పుట్టకముందు బిడ్డకి ఏదీ కుట్టకూడదు, అల్లకూడదు అని ఊరంతా నెత్తీ నోరూ బాదుకుంది. వింటేనా! ఆశ అలాంటిది. పచ్చ ఊలుతో స్వెట్టరు మొదలుపెట్టింది. ఒక చెయ్యి అల్లడం మిగిలి ఉండగానే నొప్పులొచ్చాయి, బాబు ఏడుపు లేకుండా, ప్రాణం లేకుండా పుట్టాడు. స్వెట్టరు వల్లే అని ఎవరూ మొహం మీద అనలేదు. ఆమె వస్తుంటే మాట మార్చేవాళ్లు, అంతే. దాన్ని పారేయడానికి మనసొప్పక తెచ్చి ఈ గడ్డి కింద దాచింది.

గడ్డి లాగుతుంది. కింద ఇంకా గడ్డి. మోకాలి లోతు, నడుం లోతు, తల మునిగేంత లోతు దిగాక తల్లి ఎలుక కనిపిస్తుంది, పొరుగింటావిడలా కాళ్లు చాపుకుని. స్వెట్టర్లో దాని పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి, ఒకదాన్నొకటి ఒత్తుకుని నిద్రపోతున్నాయి. చెయ్యి లేని వైపున్న పిల్ల మాత్రం వణుకుతోంది.

“ఒక సెయ్యి వదిలీసినావేటమ్మా?” అంటుంది ఎలుక.

“అల్లేలోగా బాబు పోనాడు.”

“ఇప్పుడల్లీ మరి.”

“పుట్టకముందు అల్లకూడదంట.”

“మావోళ్లు పుట్టీసినారు కదా. ఇంక దోసమేటుంది?”

“నేను నీళ్లు పొయ్యడానికొచ్చినాను,” అని నిజం చెప్పేస్తుంది.

“పొయ్యి తల్లీ, నీ మొక్కలు నీయి. అల్లినాక పొయ్యి. తడిసినా సలెయ్యకుండా ఉంటాది.”

నూకరత్నానికి దుఃఖం తన్నుకొస్తుంది. బాబుని తీసుకెళ్లిన రోజు కూడా ఇంతలా ఏడవలేదు. ఊలు లేదు కాబట్టి జడ విప్పి, వెంట్రుకలు తెంపి వేళ్లతోనే ఆ చెయ్యి అల్లుతుంది. వణికే పిల్ల ఆ కొత్త చేతిలోకి దూరి ఊరుకుంటుంది. అప్పుడు ఆమె రవికె తడుస్తుంది. తాగేవాడు లేక ఇన్నాళ్లూ గుడ్డతో బిగించి కట్టుకున్న పాలు.

“పోసీసినావా?” పైనుంచి సత్తిబాబు కేక.

“మెల్లగా మాటాడు మావా. పడుకున్నారు.”

అతను వంగి చూస్తాడు. ఎవరని అడగడు. గట్టు మీద కూలబడి, బిడ్డ పోయాక మొదటిసారి, భోరుమంటాడు.

పాలు మట్టిలోకి దిగుతున్నాయి. మడి తర్వాత మడి, కొండవాలంతా మొక్కలు నూకరత్నం వైపు తిరిగి చిన్న చిన్న నోళ్లు తెరుస్తున్నాయి. మొగుడూ పెళ్లాం ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఒక్క నోటి నుంచీ ఏడుపు రావడం లేదు.