రెప్పలెత్తిన మందు

నేను ఒక చిటికెన వేలంత గాజు సీసాను. నా కడుపులో నీళ్లలా కనిపించేది నియోస్టిగ్మిన్ అనే మందు. ఏ ఊళ్లో పుట్టానో తెలియదు. మంట మీద నా మెడ కరిగి మూసుకుపోవడం మాత్రం గుర్తుంది. తరవాత అట్టపెట్టె, చీకటి, లారీ కుదుపులు. చివరికి దివిసీమలో ఒక ఆసుపత్రి, ఆపరేషన్ గదిలో ట్రే.

అక్కడ నా పెట్టెలోవాళ్లు ఒక్కొక్కరే వెళ్లేవారు. ఆపరేషన్‌కి ముందు మనిషి కండలు కదలకుండా ఒక మందు ఇస్తారు. అయిపోయాక మావాణ్ణి ఎక్కిస్తే మళ్లీ కదులుతాయి. వాళ్లే కట్టేసి వాళ్లే విప్పుకుంటారు. ఇదేం పనో నాకు బోధపడలేదు. మా చుట్టాల్లో ఒకడు మతిమరుపు ముసలివాళ్లకు బిళ్లగా వెళతాడని, ఇంకొకడు పొలాల్లో పురుగుల్ని చంపుతాడని విన్నాక మరీ అయోమయమైంది. మరి మేం మందులమా, విషాలమా?

ఒక మధ్యాహ్నం నర్సు నన్ను గబగబా కింది వార్డుకు తీసుకెళ్లింది. మంచం మీద నాంచారమ్మ. గట్టున గడ్డి కోస్తుంటే తాచు కాటేసిందట. పాముకాటు మందు సెలైన్‌లో ఎక్కుతోంది. ఆమె కళ్లు మూతలుపడి ఉన్నాయి. పక్కన అత్త అచ్చమ్మ కోడలి చెంపలు వాయిస్తోంది.

"పడుకోమాకే. నిద్దరోయావంటే విషం తలకెక్కుద్ది. నా మాటినవే."

మొగుడు ఏడుకొండలు కాళ్ల దగ్గర నిలబడ్డాడు. పొలం నుంచి అలాగే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా పురుగుమందు వాసన. మా చుట్టం వాసన.

"కొట్టకమ్మా," అంది డాక్టరమ్మ. "ఆవిడ నిద్రపోవడం లేదు. రెప్పలెత్తే బలం లేదు, అంతే. నాంచారమ్మా, నా మాట వినబడితే వేలు కదుపు."

వేలు కదిలింది. అచ్చమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"రెప్పల తరవాత పడిపోయేది ఊపిరే," అంది డాక్టరమ్మ నర్సుతో, గొంతు తగ్గించి. "గుండె మందగించకుండా ముందు అట్రోపిన్ ఇవ్వు. వెంటనే ఇది."

నా మెడ టక్కున విరిగింది. పెంకులు నీలం డబ్బాలో పడ్డాయి, మందు నాంచారమ్మ రక్తంలో కలిసింది. ఇంతకీ నేను గాజునా, మందునా? ఎక్కడున్నానో నాకే తెలియలేదు.

నా పని మాత్రం చిన్నదే. నరం కండకు పంపే కబురును ఒంట్లో ఎంజైము ఒకటి వెంటవెంటనే చెరిపేస్తూ ఉంటుంది. నేను దాని చెయ్యి పట్టుకుంటాను. కబురు కాసేపు నిలుస్తుంది, పాము విషం అడ్డున్నా కండకు అందుతుంది, కండ కదులుతుంది. పురుగుమందూ ఆ చెయ్యే పట్టుకుంటుంది, కానీ వదలదు. నేను వదిలేస్తాను. మా ఇద్దరికీ తేడా అంతేనా?

అందరూ ఆ రెప్పలకేసి చూస్తున్నారు. ఎంతసేపటికో ఎడమ రెప్ప వణికింది. తెల్లగా ఒక గీత కనబడింది. తరవాత కన్ను.

ఏడుకొండలు చొక్కా అంచుతో కళ్లు తుడుచుకోబోయాడు. "ఆ చొక్కాతో వద్దు బాబూ, పురుగుమందుంది," అంది డాక్టరమ్మ. నర్సు వైపు తిరిగి, "రెప్పలు మళ్లీ వాలితే ఇంకోటి ఇవ్వాలి. దగ్గర పెట్టు," అంది.

నాంచారమ్మ నాలుక ఇంకా మందంగానే ఉంది. ఒక్కో మాటా కూడదీసుకుంది.

"నిద్దరోలేదత్తా. నువ్వు కొట్టినియ్యన్నీ... లెక్కెట్టుకున్నా."

"ఎట్టుకోవే తల్లీ," అంది అచ్చమ్మ, ఆ చెంపనే నిమురుతూ. "ఇంటికొచ్చి తిరిగి కొడుదువుగాని."

అది విన్నది డబ్బాలోని గాజో, ఆమె ఒంట్లోని మందో చెప్పలేను. విన్నాను. అంతే తెలుసు.