ఆర్డ్‌వోరన్ వారి బిరుదు

ఫెరహర్ తెల్లవారుజామున పోయాడు. యుద్ధభూమి నుంచి కడుపులో కత్తిపోటుతోనే కొండలు దాటి ఇల్లు చేరినవాడు, తల్లి ఎవరి కంటా పడకుండా దాచినా, ఎన్నాళ్ళో నిలవలేదు. బెహాగ్ కొడుకు కళ్ళు మూసి, గడ్డం కింద గుడ్డ కట్టి, గుండెల మీద చెక్కపళ్ళెంలో ఇంత ఉప్పు, ఇంత మట్టి పెట్టింది. ఇక గొంతెత్తి ఏడవాలి.

ఆ లోయలో ఎవరు పోయినా శోకాలు పెట్టేది ఆమే. పోయినవాడి పేరు పిలవాలి, వాడి తండ్రి పేరు, తాత పేరు, ఆ పైవాళ్ళ పేర్లు పిలుస్తూ ఏడవాలి. అలా పిలవకపోతే పోయినవాడికి తనవాళ్ళ దగ్గరికి దారి దొరకదు. ఎందరి బిడ్డలకో దారి చూపించిన గొంతు అది. ఇప్పుడు సొంత బిడ్డకి చూపించాలి. ఆమె నోరు తెరిచింది.

తలుపు తోసుకుని లేడీ గ్రిజెల్ లోపలికి వచ్చింది. ఆర్డ్‌వోరన్ ప్రభువు భార్య. ఆ గుడిసె గడప ఆవిడ ఎన్నడూ తొక్కలేదు. వెనకాలే దివాణం పెత్తందారు డూగల్డ్ రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏడవకు బెహాగ్. కాస్త ఆగు, ఏడవకు."

"ఏడవకుండా ఎలా దొరసానమ్మా? చూడండి, వాడింకా వెచ్చగానే ఉన్నాడు."

లేడీ గ్రిజెల్ మట్టినేల మీదే కూర్చుని ఫెరహర్ నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఎవరికైనా తెలుసా?" అని అడిగింది.

"నేను నోరు తెరిస్తే అందరికీ తెలుస్తుంది. నా గొంతు కొండ అవతలికి వినపడుతుంది గదమ్మా."

"వాడు రాత్రి దాటడని నిన్న డూగల్డ్ వచ్చి చెప్పాడు. అందుకే పరుగెత్తుకొచ్చాను."

ఆవిడ అడగడానికి వచ్చిందేమిటో ఆవిడ నోట రాలేదు. డూగల్డే చెప్పాడు. కోటలో మేడమీద పెద్దప్రభువు ఇవాళో రేపో అన్నట్టున్నాడు. పెద్దకొడుకు లాక్లన్, లండన్ రాజుని దించాలని వచ్చిన యువరాజు పక్షాన కత్తి పట్టాడు కాబట్టి లండన్‌లో వాడిని రాజద్రోహి అన్నారు. చిన్నకొడుకు టోర్మోడ్ ఏ పక్షానా కత్తి పట్టకుండా ఎడిన్‌బరోలో చదువుకుంటున్నాడు.

"లండన్ వాళ్ళ న్యాయం ఎలా ఉందంటే అక్కా," అన్నాడు డూగల్డ్, "పెద్దాయన పోయేనాటికి లాక్లన్ బాబు బతికి ఉంటే బిరుదు ఆయన నెత్తిన పడుతుంది. ద్రోహి నెత్తిన పడ్డ బిరుదు అక్కడే తెగిపోతుంది. భూమి, కోట, మన గుడిసెలతో సహా అన్నీ రాజుగారివి. అదే తండ్రి కంటే ముందు లాక్లన్ బాబు పోయుంటే, బిరుదు చక్కగా టోర్మోడ్ బాబుకి వస్తుంది."

"అంటే లాక్లన్ చావాలంటావా?"

"చచ్చినట్టు కనపడాలి. రాజుగారి ఎర్రకోటు సిపాయిల కెప్టెన్ కళ్ళకి ఒక శవం కనపడాలి."

బెహాగ్ వాళ్ళ వంక చూసింది, కొడుకు వంక చూసింది. అప్పుడు అర్థమైంది.

లాక్లన్ కూడా ఆమె చేతుల్లో పెరిగినవాడే. ఆ వంశంలో ప్రభువుల కొడుకులని పొత్తిళ్ళలోనే లోయలో ఒక ఇంటికి ఇచ్చేవారు. లాక్లన్‌ని ఆమెకిచ్చారు. ఒక రొమ్ము ఫెరహర్‌కి, ఒక రొమ్ము వాడికి. ఇద్దరివీ ఎర్రజుట్లే, ఇద్దరూ ఒకే ఎత్తు. పాలు పంచుకున్న తమ్ముడు ప్రభువు బిడ్డకి అడ్డం నిలబడి చావాలి, అది అడిగి చేయించుకునే పని కాదు. ఫెరహర్ కడుపులో దిగిన కత్తి లాక్లన్ కోసం వచ్చిందే. ఆ లాక్లన్ ఇప్పుడు పైన కొండగుహలో, విరిగిన కాలితో పడుకుని ఉన్నాడు.

"నా బిడ్డని అడుగుతున్నారా?"

"వాడి శరీరాన్ని," అంది లేడీ గ్రిజెల్.

"మరి వాడి పేరు?"

డూగల్డ్ అందుకున్నాడు. "పేరు బతికే ఉంటుంది. ఆ పేరుతోనే లాక్లన్ బాబు ఓడెక్కుతాడు. అడిగినవాళ్ళకి ఫెరహర్ ఫ్రాన్స్ పోయాడని చెప్తాం."

"వాడు దీవి శ్మశానంలో వాళ్ళ నాన్న పక్కన పడుకోవాలి."

"ప్రభువుల సమాధిలో పడుకుంటాడు బెహాగ్," అంది లేడీ గ్రిజెల్. "రాతి కప్పు కింద."

"అక్కడ వాడికి తెలిసినవాళ్ళెవరున్నారమ్మా?"

బయట ఎవరిదో కోడి కూసింది. లేడీ గ్రిజెల్ బెహాగ్ చేతులు పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"శవం కనపడకపోతే వాళ్ళు కొండంతా వెతుకుతారు. దొరికినవాడిని ఉరి తీస్తారు. లాక్లన్‌కి పాలిచ్చింది నువ్వు. నేనివ్వలేదు."

"ఊనకైనా చెప్పనివ్వండి," అని మాత్రం అడిగింది బెహాగ్. ఊన పడవవాడి కూతురు. యుద్ధానికి పోయేముందు ఫెరహర్ ఆ పిల్లకి మాటిచ్చి పోయాడు.

"ఎవరికీ వద్దు," అన్నాడు డూగల్డ్. "ఒక్క ఆడపిల్ల కన్నీళ్ళు చాలు, కెప్టెన్ అంతా పసిగడతాడు."

కోట పెద్దసావిట్లో శవాన్ని పెట్టారు. పుండు చీము పట్టింది, వాసనొస్తోంది అని చెప్పి పెట్టె మూత బిగించారు. లోయవాళ్ళు ఎవరూ ముఖం చూడలేదు. కెప్టెన్ కోసం మాత్రం, అందరినీ బయటికి పంపి, మూత తీశారు. అతను రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎర్రజుట్టు చూశాడు, ఎత్తు చూశాడు, కత్తిపోటు చూశాడు. తల ఊపాడు. కానీ వెళ్ళలేదు. గోడవార నిలబడి శోకాలు వింటానన్నాడు. అతని పక్కన ఒక సార్జెంటు, పడమటి తీరం మనిషి, రాజు కొలువులో చేరినవాడు. అతనికి వాళ్ళ భాష ప్రతి ముక్కా తెలుసు.

లోయ లోయంతా సావిట్లోకి వచ్చి కూర్చుంది. బెహాగ్ పెట్టె దగ్గర నిలబడింది. గొంతు పెగల్లేదు.

"ఏంటి ముసలమ్మా," అన్నాడు సార్జెంటు, "ఈయనగారికి పాలిచ్చిన తల్లివి నువ్వేనట గదా. ఏడుపు రావట్లేదా? పాలు అంత పల్చనివా?"

కొందరు సిపాయిలు నవ్వారు. ఆ నవ్వుకి ఆమె గొంతు తెరుచుకుంది.

"నా పాలు తాగినవాడా," అని మొదలుపెట్టింది. అది అబద్ధం కాదు. "నా ఒళ్ళో పెరిగినవాడా, నా కంటే ముందు పోయినవాడా." అదీ అబద్ధం కాదు. అబద్ధం కాని మాటలన్నీ అయిపోయేదాకా ఏడ్చింది. తరువాత పేర్లు పిలవాల్సి వచ్చింది.

లాక్లన్ అని పిలిచింది. బతికున్నవాడి పేరు పెట్టె దగ్గర నిలబడి పిలిస్తే వాడికి చావు చుట్టుకుంటుందేమోనని భయపడుతూనే ఉంది. అయినా పిలిచింది. ఆ పైన వాళ్ళ పెద్దలని పిలుస్తూ పోయింది. వరదలో రాజుగారి గుర్రం కళ్ళెం వదలకుండా పట్టుకుని ఒడ్డుకి చేర్చి బిరుదు సంపాదించినవాడు. ఆ బిరుదు కోసం అన్నని బావిలో తోసినవాడు. విందులో భోజనం చేస్తుండగా మెడ తెగినవాడు. కోట ముట్టడిలో తోలు ఉడకబెట్టుకు తిని లొంగనివాడు. రెండో పెళ్ళాం కొడుకుని అడివిలో వదిలేసి మొదటి పెళ్ళాం కొడుకుని ప్రభువు చేసినవాడు. వాళ్ళెవరూ ఫెరహర్‌కి ఏమీ కారు. ఒక్కొక్క పేరు పిలిచినప్పుడల్లా ఆమెకి కొడుకు చీకట్లో ఇంకో అడుగు తప్పుదారిలో వేస్తున్నట్టు కనిపించింది. తప్పిపోతున్నాడు, తానే తప్పిస్తోంది.

నాలుక చివర అసలు పేరు వచ్చి ఆగింది. సార్జెంటు ఆమె నోటి వంకే చూస్తున్నాడు. ఆమె పళ్ళు బిగించి, మళ్ళీ లాక్లన్ అనే పిలిచింది. సావిడంతా గొల్లుమంది. కెప్టెన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

వెనక నుంచి ఎవరో ఆమె చేయి పట్టుకున్నారు. ఊన. ఆ పిల్ల కూడా లాక్లన్ దొర కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది. బెహాగ్ చెవిలో గుసగుసగా అంది.

"అత్తా, పాపం అనకు, మనసులో మాట చెప్తున్నా. లాక్లన్ దొర పోతే పోయాడు, మనవాడు బతికాడు గదా! ఓడెక్కి పోతాడట, డూగల్డ్ మావయ్య చెప్పాడు. నాకు కబురు పంపిస్తాడు గదా అత్తా?"

"పంపిస్తాడు," అంది బెహాగ్.

ఆ నెల తిరగకుండానే పెద్దప్రభువు పోయాడు. టోర్మోడ్ ఎడిన్‌బరో నుంచి వచ్చి ఆర్డ్‌వోరన్ ప్రభువయ్యాడు. బిరుదు చెక్కుచెదరలేదు, కోటకి నిప్పు పెట్టలేదు. లోయవాళ్ళు గండం గడిచిందని కోట గుమ్మంలో విస్కీ తాగారు.

లాక్లన్ కాలు అతుక్కున్నాక ఒక ఉదయం ఓడ వచ్చింది. బెహాగ్ ఓట్‌పిండి రొట్టెలు మూట కట్టుకుని రేవుకి వెళ్ళింది. అతను ఫెరహర్ ఉన్ని దుప్పటి కప్పుకుని ఉన్నాడు. తడిరాళ్ళ మీద ఆమె ముందు మోకరిల్లాడు.

"అమ్మా, వాడి పేరు మోసుకుపోతున్నా."

"జాగ్రత్తగా మొయ్యి నాయనా. నాకు మిగిలింది అదొక్కటే."

ఓడ కనుమరుగయ్యేదాకా నిలబడింది. చచ్చిన కొడుకుని సాగనంపలేదు, బతికిన కొడుకుని వాడి సొంత పేరుతో సాగనంపలేదు. ఇంటికొచ్చి ఇద్దరిలో ఎవరి కోసం ఏడవాలో తెలియక ఊరకే కూర్చుంది.

లేడీ గ్రిజెల్ ఉన్నంతకాలం బెహాగ్‌కి ఒక ఆశ ఉండేది. ఎప్పుడో ఒకనాడు సమాధి తలుపు తీయించి, చెవిలో చెప్పినట్టుగానైనా, ఫెరహర్‌కి వాడి తాతముత్తాతల పేర్లు చెప్పుకోవచ్చునని. ఆవిడ దగ్గుతో తీసుకుని తీసుకుని పోయింది. బెహాగ్ కోటకి వెళ్ళి కొత్తప్రభువుని అడిగింది. టోర్మోడ్ తోటలో కుక్కలకి మాంసం వేస్తున్నాడు. అతనికి అన్నీ తెలుసు.

"మా అన్నయ్య సమాధి దగ్గర నీకేం పని బెహాగ్?"

"అయ్యా, తమరికి తెలియంది కాదు. ఒక్కసారి వాడిని పిలుచుకుని వస్తా. పెదవి కూడా కదపను."

"నీ కొడుకు ఫ్రాన్స్‌లో ఉన్నాడు. దొరబాబులా ఉన్నాడని కబురు కూడా వచ్చింది. సంతోషించు." ఇంకో మాంసం ముక్క విసిరి, గొంతు తగ్గించి, అటు తిరిగే అన్నాడు. "ఇంకెప్పుడూ నన్ను ఇది అడగకు. నువ్వంటే మా అమ్మకి ఇష్టం. నాకు ఈ ఇల్లంటే ఇష్టం."

కబురు నిజంగానే వచ్చింది. ఉప్పు అమ్ముకునే ఓడసరంగు ఒకడు రేవులో నలుగురి ముందు చెప్పాడు. ఫ్రాన్స్ రేవు డంకర్క్‌లో మన లోయ మనిషి ఫెరహర్ ఉన్నాడు, ద్రాక్షసారా వర్తకుడి కూతురిని పెళ్ళాడాడు, ఒక పాప కూడానట, కొంచెం కుంటుతాడు గానీ మనిషి ఏపుగా ఉన్నాడు అని.

ఊన పరుగెత్తుకుంటూ వచ్చింది. అన్నేళ్ళలో ఆ పిల్ల ముఖం సన్నబడి ఎముకలు తేలింది. మిల్లువాడు అడిగితే కాదంది, భార్య పోయిన కమ్మరి అడిగితే కాదంది. గడప దాటి లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"అబద్ధమని చెప్పు అత్తా."

బెహాగ్ ఆవుపాలు వడకట్టుకుంటోంది. గిన్నె కింద పెట్టింది.

"చెప్పవేం? వాళ్ళన్నది నిజమేనా? వాడు నీ కొడుకు, నీకు తెలియకుండా ఉంటుందా?"

చెప్పడానికి ఎంత మాట కావాలి? వాడు కోట కింద రాతిలో ఉన్నాడు, నీ పేరు పలవరిస్తూ నా ఒళ్ళో పోయాడు, అంతే. బెహాగ్ పెదవుల దాకా వచ్చింది. కానీ చెప్తే ఈ పిల్ల ఒక్క క్షణం ఆగదు. పోయి సమాధి తలుపుకి తల బాదుకుంటుంది. సిపాయిలు ఇంకా రేవు దగ్గరే ఉన్నారు. బిరుదు పోతే పోనీ, ఆ బిరుదుతో బెహాగ్‌కి ఏం పని. కానీ ఇంకా ఎన్ని గుడిసెలు తగలబడతాయో. ఒకవేళ ఇది నోరు మూసుకున్నా, ఆ తరువాత? తనలాగే, ఏడవడానికి వీలులేని చావుని గుండెల్లో పెట్టుకుని, ముసలిదైపోయేదాకా ఆ రాళ్ళ చుట్టూ తిరుగుతుంది. తిట్టుకునే ఆడది రేపు ఇంకొకడికి వండి పెట్టగలదు. శోకించే ఆడది వండలేదు.

"నిజమే," అంది బెహాగ్.

"ఏంటి?"

"నిజమేనే. నాకు ముందే కబురొచ్చింది. నీకు చెప్పడానికి సిగ్గేసింది. వాడంతే ఊనా, చిన్నప్పటి నుంచీ అంతే. కొత్తది కనపడితే పాతది గుర్తుండదు. వాళ్ళ నాన్నా అలాంటివాడే."

ఊన ఒక్కసారిగా విరుచుకుపడింది.

"తూ! నీ కడుపున ఎలా పుట్టాడే అత్తా వాడు! లాక్లన్ దొర చచ్చి వీడు బతికినందుకు నేను దేవుడికి దండం పెట్టాను. వీడే చచ్చి ఉంటే ఎంత బాగుండేది! అప్పుడన్నా మర్యాదగా ఏడ్చేదాన్ని!"

గడప మీద ఉమ్మి, వెనక్కి తిరిగి చూడకుండా దిగువకి నడిచింది. దారిలో కమ్మరి కొలిమి దగ్గర ఆగడం, అతను సుత్తి దించి బయటికి రావడం బెహాగ్‌కి గుమ్మంలోంచి కనిపించింది.

ఆమె గుడ్డ తెచ్చి గడప తుడిచింది. పాలలో ఈగ పడింది. దాన్ని వేలితో తీసి పారేసి, మిగతా పాలు వడకట్టుకుంది.