గంగరాజు భార్య

వడియాలు తీసేసిన మంచం మీద వెంకటనరసమ్మ తడి కాగితాలు పరిచింది. అరవయ్యేళ్ల కిందట కొల్లేటి ఊళ్లవాళ్లు పొలాలు మునిగాయని పెట్టుకున్న అర్జీలవి. ఏదో కచేరీలో చెమ్మపట్టాయని తగలబెట్టబోతుంటే ఆమె భర్త పాండురంగారావు బండి కట్టించి ఏలూరులో తన ఇంటికి చేర్పించాడు. ప్లీడరుగా పెద్దగా రాణించని ఆయనకి అప్పట్నుంచి అదే ధ్యాస. పాత కాగితాలకి మద్రాసు సర్కారు జిల్లాలో ఒక భవనం కట్టాలనీ, ఏటా నిధులివ్వాలనీ, తగిన అధికారిని వెయ్యాలనీ సభలు పెట్టాడు.

ఉపన్యాసాలు ఆయనవి. సర్కారుకి పంపిన మహజరు రాసింది ఆమె. మడతలు విప్పి, బూజు దులిపి, ఊళ్లవారీగా కట్టలు కట్టిందీ ఆమే. "ఇంట్లో నీకు మాత్రం పనేముంది?" అన్నాడాయన, ఆమె పప్పు ఎనుపుతూనే అర్జీ చదువుతున్న పూట. సభవారొస్తే, "మా ఆవిడ కాఫీ బాగా పెడుతుందండీ" అనేవాడు.

చెదిరిన అక్షరాలు పోల్చుకోవడానికి పైకి చదవడం ఆమెకి అలవాటు. ఆ మధ్యాహ్నం, "గంగరాజు భార్య, వేలిముద్ర" అని చదివింది.

"నాకూ పేరుందమ్మా" అన్నారెవరో వెనక నుంచి, మెల్లగా.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎండకి కాలుతున్న గచ్చు మీద తడి పాదాలు, మడమ దగ్గర నాచు తునక. తడి ఆరింది కానీ చెరువు వాసన పోలేదు. మర్నాడు ఇంకొకరి భార్య అర్జీ చదివేసరికి ఇంకో జత పాదాలు పడ్డాయి. భర్తతో చెబితే, "ఎండలో కూర్చుంటే అలాగే ఉంటుంది. ఆ ఆడవాళ్ల అర్జీలు నీళ్లపొయ్యిలో పెట్టెయ్. సర్కారువారికి కావలసింది జమీందారుల కాగితాలు" అన్నాడు.

ఆమె పెట్టలేదు. తన చీరల పెట్టె ఖాళీ చేసి అందులో దాచింది. వాళ్లంటే ఆమెకి భయం వెయ్యలేదు. పుట్టింట్లో అమ్మ పోయాక తనని పేరుపెట్టి పిలిచిందెవరా అని ఆలోచిస్తే ఒక్కరూ గుర్తుకు రాలేదు. అప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది.

మద్రాసు నుంచి అచ్యుతరావు అనే అధికారి పరిశీలనకొచ్చాడు. కట్టలన్నీ తిప్పి చూసి, ఇంత పద్ధతిగా ఎవరు సర్దారని అడిగాడు. ఇంట్లోనే చేయించానని చెప్పి పాండురంగారావు, భవనం మంజూరైతే అక్కడి అధికారి ఉద్యోగం తనకే ఇప్పించమని చేతులు కట్టుకున్నాడు.

తలుపు చాటున ఉన్న వెంకటనరసమ్మ కాఫీ గ్లాసులు గడప మీద పెట్టేసి, ఖాళీ చేతులతో గదిలోకి వచ్చింది.

"సర్దింది నేనండీ. మహజరు రాసింది కూడా నేనే. ఆ ఉద్యోగానికి నా పేరు రాసుకోండి. వెంకటనరసమ్మ."

అచ్యుతరావు కలం తీశాడు. రాయబోతూ ఆమె భుజం మీదుగా చూసి ఆగిపోయాడు. గదంతా చెరువు వాసన కమ్ముకుంది. ఆయన మెల్లగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మీ వెనక వీళ్లంతా ఎవరమ్మా?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"నాతో పనిచేసేవాళ్లండీ."